గఫార్ మార్కెట్‌లో ఉన్న ఆ గఫార్ ఎవరు?

పోయిన నెల ఈ శీర్షిక చివర రెండు వాక్యాలు రాశాను. 1988 జనవరి 20న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పోయారని, ఆ రాత్రి వార్తలు విన్నాక మా నాన్నగారు రేడియో కట్టేసి అన్నం తినకుండా పడుకున్నారని. అంతకు మించి ఏమీ రాయలేదు. ఆ రెండు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఆయన గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నాను. శాతవాహనుల నాణేల గురించి అడిగిన భీమిలి పాఠకులు ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, మాది విశాఖ మురళీనగర్. సివిల్స్ కోచింగ్ కోసం ఢిల్లీలో ఉంటున్నాను. ఫోన్ స్క్రీన్ పగిలితే కరోల్ బాగ్ గఫార్ మార్కెట్‌కి వెళ్లి వేయించుకున్నాను. మీరు రాసిన గఫార్ ఖాన్ పేరే దానికి పెట్టారని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా? మా పుస్తకంలో ‘సరిహద్దు గాంధీ, ఎర్ర చొక్కాల ఉద్యమం’ అని ఒక లైను ఉంది. అంతకంటే తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది నిజమే బాబూ. ఆ మార్కెట్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన అన్నగారు డాక్టర్ ఖాన్ సాహెబ్ పేరుతో ఖాన్ మార్కెట్ ఉంది. సరిహద్దు రాష్ట్రం (ఇప్పటి పాకిస్తాన్‌లో, పెషావర్ చుట్టూ ఉన్న పఠాన్ల ప్రాంతం) నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం 1951లో పెట్టిన కొట్లు అవి. అన్నదమ్ములిద్దరి పేర్లూ ఢిల్లీ జనం నోట్లో రోజూ నలుగుతున్నాయి. మనుషులే గుర్తు లేరు.

ఇక మీ పుస్తకంలోని ఆ ఒక్క లైను. దానిలో నా తప్పు కూడా ఉంది. ముప్ఫై రెండేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పాను. ‘సరిహద్దు గాంధీ అని ఎవరికి పేరు?’ అనే రెండు మార్కుల ప్రశ్నగానే ఆయన్ని పిల్లలకి అందించాను. ఆ బిరుదే ఆయన్ని మనకి కనబడకుండా చేసిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక మనిషిని ఇంకొకరి పేరు పెట్టి పిలిస్తే, ఆయన చేసిన పనంతా ఆ రెండో మనిషి ఖాతాలోకి పోతుంది. గఫార్ ఖాన్‌కి జరిగింది అదే. ఆయన వాళ్లు ఆయన్ని బాచా ఖాన్ అంటారు. మనం బాద్షా ఖాన్ అంటాం. ఈ రెండిట్లో ఏదైనా సరే, ఆ బిరుదు కంటే మేలు.

1890లో పెషావర్‌కి దగ్గర్లో, చార్సద్దా ప్రాంతంలోని ఉత్మాన్‌జాయ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బెహ్రామ్ ఖాన్ భూములున్న ఆసామి. మిషన్ బడికి పిల్లల్ని పంపితే ముల్లాలు తిట్టే రోజుల్లో, ఆయన ఇద్దరు కొడుకుల్నీ పెషావర్ ఎడ్వర్డ్స్ మిషన్ స్కూల్లో వేశారు. పెద్దవాడు ఇంగ్లండ్ వెళ్లి డాక్టరయ్యాడు. చిన్నవాడికి సైన్యంలో గైడ్స్ దళంలో చేరే అవకాశం వచ్చింది. పఠాన్ కుర్రాడికి అంతకంటే గౌరవం లేదు ఆ రోజుల్లో. కానీ అదే దళంలో పనిచేస్తున్న మన దేశపు ఆఫీసర్ని ఒక తెల్లవాడు తన కళ్ల ముందే అవమానించడం చూసి వద్దనుకున్నారు. పోనీ అన్నలాగే ఇంగ్లండ్ వెళ్లి చదువుకుందామంటే తల్లి ఒప్పుకోలేదు. ఒక కొడుకు అప్పటికే సముద్రం దాటాడు, రెండోవాణ్ణి కూడా పోగొట్టుకోలేనంది. ఆమె మాట కాదనలేక ఉండిపోయారు.

ఉండిపోయి ఏం చేశారు? బడి పెట్టారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు. 1910 ప్రాంతంలో సొంత ఊళ్లో ఒక బడి, తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో మరికొన్ని. ఊరూరూ నడిచి తిరుగుతూ పిల్లల్ని పంపమని పెద్దల్ని బతిమాలేవారు. దొరలకి ఇది నచ్చలేదు. 1921లో మూడేళ్ల జైలు శిక్ష వేశారు. జైలు నుంచి వచ్చాక మళ్లీ అదే పని. 1928లో పఠాన్ల భాష పష్తోలో ‘పఖ్తూన్’ (పఠాన్ అని అర్థం) అనే పత్రిక మొదలుపెట్టారు. అందులో ఆడవాళ్లు కూడా రాసేవారు. పరదా చాటున ఉన్న ఇళ్లలోంచి ఆ రాతలు బయటికి రావడం ఎంత పెద్ద సంగతో ఒక్క క్షణం ఆలోచించండి.

1929 నవంబర్‌లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ దళం పుట్టింది. దేవుని సేవకులు అని అర్థం. మీ పుస్తకంలో ఉన్న ఎర్ర చొక్కాలు వీళ్లవే. ఆ రంగు ఎలా వచ్చిందో పుస్తకం రాయదు, నేను చెబుతాను. మొదట వాళ్లవి తెల్ల బట్టలే. పల్లెల దుమ్ములో తెల్ల బట్ట ఒక్క పూట ఆగదు. పేదవాళ్లు, రోజూ సబ్బు పెట్టి ఉతుక్కునే స్తోమత లేదు. కొంతమంది తమ చొక్కాల్ని దగ్గర్లో తోళ్లు శుద్ధి చేసే చోటికి తీసుకెళ్లి, చెట్టు బెరడుతో చేసిన రసం తొట్టిలో ముంచారు. ఇటుక రంగు వచ్చింది. మాసినా కనబడదు, ఖర్చూ లేదు. చూసి మిగతావాళ్లూ ముంచారు. అదే యూనిఫాం అయింది. ఆ రంగు చూసి ఇంగ్లీషు ప్రభుత్వం వీళ్లకి రష్యా బోల్షెవిక్కులతో సంబంధం ఉందని ప్రచారం చేసింది. తోళ్ల తొట్టిలో పుట్టిన రంగుకి అంత రాజకీయం అంటగట్టారు.

దళంలో చేరేవాళ్లు ప్రమాణం చేయాలి. దాని సారం ఇది: దేవుడికి ఎవరి సేవా అక్కర్లేదు కాబట్టి, ఆయన సృష్టించిన మనుషులకి చేసే సేవే ఆయనకి సేవ. హింస చేయను, పగ తీర్చుకోను, నన్ను బాధపెట్టినవాణ్ణి క్షమిస్తాను. కక్షలకి, ముఠా తగాదాలకి దూరంగా ఉంటాను. రోజుకి కనీసం రెండు గంటలు ఊరి పని చేస్తాను. చేసినదానికి ప్రతిఫలం కోరను. ఆ రెండు గంటల షరతు దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఉద్యమం అంటే మనకి ఊరేగింపు, నినాదం. ఆయనకి ఊరి వీధి ఊడవడం దగ్గర మొదలైంది.

ప్రశ్న: మాది గాజువాక, సొంత ఊరు కృష్ణదేవిపేట దగ్గర. అల్లూరి సమాధి చూస్తూ పెరిగినవాణ్ణి. మన్యంలో తుపాకీ పట్టకపోతే దొరలు మాట వినేవారు కాదు. అలాంటిది ఇంటికో తుపాకీ ఉండే పఠాన్లు అహింస అంటే నమ్మడం కష్టంగా ఉంది. గాంధీగారు చెప్పారని ఊరికే తలూపారా? నిజంగా పాటించారా?

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టంగా ఉంది. మీ ఊరి నుంచే మొదలుపెడతాను. సీతారామరాజు తుపాకీ పట్టకముందు మన్యంలో ఏం చెప్పారు? ఖద్దరు కట్టమన్నారు, కల్లు మానమన్నారు, తగువులు కోర్టుకి పోకుండా పంచాయతీలో తీర్చుకోమన్నారు. గాంధీగారి మీద ఆయనకి గౌరవం ఉండేది. అయినా దేశానికి స్వాతంత్ర్యం బలంతోనే వస్తుందని నమ్మారు. 1922 ఆగస్టులో చింతపల్లి, మీ కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. 1924 మేలో ఆయన్ని కాల్చి చంపారు. బాద్షా ఖాన్ కూడా మొదట అవే పనులతో మొదలుపెట్టారు. బడి, తగువుల పరిష్కారం, దురాచారాలు మాన్పించడం. ఒకే రకమైన పునాది మీద ఇద్దరూ రెండు వేరు వేరు ఇళ్లు కట్టారు. ఎందుకలా?

మన్యంలో మనుషుల దగ్గర తుపాకీ లేదు. పఠాన్ల దగ్గర ఉంది, కావాల్సినదాని కంటే ఎక్కువ ఉంది. అది దొరల మీద కంటే ఒకరి మీద ఒకరికే ఎక్కువ పేలేది. వాళ్ల సంప్రదాయంలో ‘బదల్’ అని ఒకటి ఉంది. పగ తీర్చుకోవడం అని అర్థం. తాత పగ మనవడు తీర్చాలి, లేకపోతే మగవాడు కాదు. పల్నాటి కథ విన్న మనకి ఇది కొత్త కాదు. ఇళ్లకి ఇళ్లు నాశనమయ్యేవి. దొరకి కావాల్సింది కూడా అదే. బాద్షా ఖాన్ చూసిన జబ్బు ఇది. దీనికి మందుగానే ఆయనకి అహింస కావాల్సి వచ్చింది. గాంధీగారి ప్రభావం లేదని అనను. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సొంత ఊళ్లో సభ పెట్టించి జైలుకి వెళ్లారు, తర్వాత గాంధీగారికి ఎంతో దగ్గరయ్యారు. కానీ అహింస గురించి ఎవరైనా ఆశ్చర్యపోతే ఆయన చెప్పిన జవాబు వేరు. ఇది కొత్త మతం కాదు, ప్రవక్త మక్కాలో ఉన్నన్నాళ్లూ పద్నాలుగు వందల ఏళ్ల కిందటే పాటించినది, మనమే మరిచిపోయాం అనేవారు. ఓర్పుని వాళ్లు ‘సబర్’ అంటారు. తన మతంలోంచి, తన ఊరి కష్టంలోంచి తీసుకున్నదాన్ని మనం ‘గాంధీ శిష్యరికం’ అని ఒక్క మాటలో తేల్చేశాం.

నిజంగా పాటించారా అన్నారు. 1930 ఏప్రిల్ 23న ఏం జరిగిందో చూడండి. గాంధీగారు దండి దగ్గర ఉప్పు పట్టి అప్పటికి పదిహేడు రోజులు. మన తీరంలో కూడా జనం ఉప్పు కాస్తున్న రోజులు. మా నాన్నగారికి పన్నెండేళ్లు. పెద్దవాళ్ల వెనక సముద్రపు నీళ్ల కుండ మోశానని చివరి వరకూ చెప్పుకునేవారు. ఆ రోజు అక్కడ బాద్షా ఖాన్‌ని, పెషావర్‌లో కాంగ్రెస్ నాయకుల్ని అరెస్టు చేశారు. జనం కిస్సా ఖ్వానీ బజార్లో గుమిగూడారు. కథలు చెప్పేవాళ్ల బజారు అని ఆ పేరుకి అర్థం. ఆర్మర్డ్ కార్లు జనం మధ్యలోకి దూసుకొచ్చాయి. గొడవలో ఒక కారు తగలబడింది, ఒక తెల్ల సైనికుడు చనిపోయాడు. దాన్ని దాచను. తర్వాత కాల్పులు మొదలయ్యాయి. అప్పుడు జనం పారిపోలేదు, ఇంటికెళ్లి తుపాకీ తెచ్చుకోలేదు. ముందు వరస పడిపోతే వెనక వరస వచ్చి ఆ జాగాలో నిలబడింది. చచ్చిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో పదుల్లో, జనం లెక్కలో వందల్లో ఉన్నారు. ఇంటికో తుపాకీ ఉన్న జనం సంగతి ఇది. తుపాకీ లేనివాడు కాల్చకపోవడం వేరు, ఉన్నవాడు కాల్చకపోవడం వేరు.

అక్కడే ఇంకొకటి జరిగింది. రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ దళాన్ని తీసుకొచ్చి కాల్చమన్నారు. సైనికులంతా హిమాలయాల్లోని గఢ్వాల్ నుంచి వచ్చిన హిందువులు. ఎదురుగా ఉన్నది ఎక్కువగా ముస్లింలు. హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతో ఉన్నవాళ్లు తుపాకులు దించేశారు. నిరాయుధుల్ని కాల్చం అన్నారు. కోర్టు మార్షల్ జరిగింది. చంద్రసింగ్‌కి యావజ్జీవం వేశారు, మిగతావాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి జైలు. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు ఉండాలని నేను పెట్టిన ఉత్తరాలకి లెక్క లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. 1940 జూలైలో, స్వాతంత్ర్యం సంగతి తేలిస్తే యుద్ధంలో సాయం చేస్తామని కాంగ్రెస్ తీర్మానం చేసింది. అహింసని మనం అంతర్గత పోరాటానికే పరిమితం చేయలేం అంటూ బాద్షా ఖాన్ వర్కింగ్ కమిటీకి రాజీనామా ఇచ్చారు. ఊరికే తలూపేవాడు చేసే పని కాదది. అంతకుముందు కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇస్తామన్నా, నేను సేవకుణ్ణి, నాకు ఆ కుర్చీ వద్దన్నారు.

ప్రశ్న: నా పేరు వేయొద్దు మేడమ్. మాది వన్‌టౌన్. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. విభజన పాఠం చెబుతుంటే పక్క బెంచీ పిల్ల ‘మీవాళ్లే కదా దేశాన్ని ముక్కలు చేసింది’ అందట. టీచర్ విని కూడా ఏమీ అనలేదట. అమ్మాయి ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మీరు రాసింది చదివి తనే ఫోన్లో వెతికింది. గఫార్ ఖాన్ పాకిస్తాన్ వద్దన్నారట కదా అమ్మీ, ఆయన పేరు చెబితే వాళ్లు నమ్ముతారా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నేను కూడా ఆ రోజు వేరే పని చేయలేకపోయాను. నేను పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లోనే. మా డాబా మీద నిలబడితే దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, వెంకటేశ్వరస్వామి కొండ మూడూ కనబడేవి. బయటి ఊరి చుట్టాలు వస్తే ఆ మూడు కొండలూ చూపించి గొప్పగా చెప్పుకునేవాళ్లం. అది చెప్పుకోవడం తేలిక. తరగతి గదిలో ఒక పిల్ల తల దించుకుంటే నోరు తెరవడం కష్టం. టీచర్ ఊరుకోవడం తప్పు. మీరు వెళ్లి ఆ టీచర్‌తో నెమ్మదిగానైనా ఆ మాట చెప్పండి. చెప్పకుండా వదిలేయకండి.

మీ అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెబుతాను. సరిహద్దు రాష్ట్రంలో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలు. 1946 ఎన్నికల్లో అక్కడి అసెంబ్లీలో 50 సీట్లకి 30 కాంగ్రెస్ గెలిచింది. ముస్లిం లీగ్ ప్రచారం దేశమంతా ఉధృతంగా ఉన్న రోజుల్లో, ‘ఇస్లాం ప్రమాదంలో ఉంది’ అన్న కేకల మధ్య ఆ జనం బాద్షా ఖాన్ వైపు నిలబడ్డారు. డాక్టర్ ఖాన్ సాహెబ్ ముఖ్యమంత్రి. 1947 మార్చిలో బీహార్‌లో ముస్లింల ఊళ్లు తగలబడ్డ చోట గాంధీగారితో కలిసి బాద్షా ఖాన్ తిరిగారు. అదే ఏడాది జూన్ 3న విభజన ప్రకటన వచ్చింది. ఆ రాష్ట్రంలో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్నారు. గెలిచిన ప్రభుత్వం ఉండగానే మళ్లీ ఓటు. ఆ ఓటులో రెండే గళ్లు: ఇండియా, పాకిస్తాన్. మాకు పఖ్తూనిస్తాన్, అంటే పఠాన్ల సొంత రాజ్యం, అనే మూడో గడి కూడా ఉండాలని జూన్ 21న బన్నూ అనే ఊళ్లో బాద్షా ఖాన్ వాళ్లు తీర్మానం చేశారు. ఎవరూ ఒప్పుకోలేదు.

కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ విభజనకి ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు తమ కోసం జీవితాలు ధారపోసిన ఆ మనుషుల్ని అడగలేదు. ‘మమ్మల్ని తోడేళ్లకి విసిరేశారు’ అన్నారు బాద్షా ఖాన్. ఈ మాట నేను ఎన్నిసార్లు చదివినా నాకు చెయ్యి ఆడదు. జూలైలో జరిగిన ఆ ఓటింగుని ఖుదాయీ ఖిద్మత్‌గార్లు బహిష్కరించారు. ఓటు హక్కు ఉన్నవాళ్లు 5,72,798 మంది. ఆస్తి, చదువు చూసి ఇచ్చిన ఓటు అది, అందరికీ లేదు. అందులో పాకిస్తాన్‌కి పడ్డవి 2,89,244. ఇండియాకి 2,874. మొత్తం ఓటర్లలో సగం కంటే కొద్దిగా ఎక్కువ, అంతే. మిగతా సగం మంది ఇంట్లోనే ఉండిపోయారు. ఈ లెక్క మీ అమ్మాయిని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోమనండి.

తర్వాత ఆయన ఏం చేశారో కూడా చెప్పండి. పారిపోలేదు. 1948లో పాకిస్తాన్ రాజ్యాంగ సభలో కూర్చుని విధేయతా ప్రమాణం చేశారు. మా జనానికి మా పేరు, మా స్వయంపాలన ఇవ్వండి, ఈ దేశంలోనే ఉంటామన్నారు. జూన్‌లో అరెస్టు చేశారు. ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్రాలో, ఆయన్ని విడిచిపెట్టమని ఊరేగింపుగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రభుత్వం పదిహేను మంది దాకా అంది, వాళ్లు ఆరు వందల పైనే అంటారు. కాల్చమన్నది ఇంగ్లీషువాళ్లు కాదు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆ తర్వాత దళాన్నే నిషేధించారు. ఆయన జీవితంలో ఇంచుమించు మూడో వంతు జైళ్లలో గడిచింది. తెల్లవాళ్ల జైళ్లు సగమైతే సొంత దేశపు జైళ్లు సగం. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వాళ్లు ఆయన్ని ఆ ఏటి ఖైదీగా ఎంచుకుని ప్రపంచానికి గుర్తు చేశారు.

ఇప్పుడు మీ అమ్మాయి అడిగినదానికి. ఆయన పేరు చెబితే నమ్ముతారా అంది. తల్లీ, నువ్వు ఈ దేశంలో పుట్టావు, అది చాలు. నీ దేశభక్తికి గఫార్ ఖాన్‌ని సర్టిఫికెట్‌గా చూపించాల్సిన అవసరం నీకు లేదు. ఆ పక్క బెంచీ పిల్లని ఎవరూ సర్టిఫికెట్ అడగడం లేదు కదా. ఆయన పేరు చెప్పాల్సింది నువ్వు కాదు, నీ టీచర్. విభజన అంటే ఒక మతంవాళ్లు అడిగారు, ఇంకో మతంవాళ్లు ఇచ్చారు అని చెప్పే పాఠం సగం పాఠం. వద్దన్న ముస్లింల మాట వినకుండా దేశాన్ని పంచుకున్నారన్న మిగతా సగం కూడా చెప్పాలి.

మా నాన్నగారు 1947లో ఇరవై తొమ్మిదేళ్ల కాంగ్రెస్ కార్యకర్త. ఆగస్టు 15న జెండా కట్టి మిఠాయి పంచారు. నలభై ఏళ్ల తర్వాత ఆ జనవరి రాత్రి, పెషావర్ ఆస్పత్రిలో బాద్షా ఖాన్ పోయారన్న వార్త విని రేడియో కట్టేశాక, మా అమ్మ కంచం పెడితే ఒకే మాట అన్నారు. ‘ఆ మనిషికి మనం బాకీ పడ్డాం. తీర్చకుండానే పంపించేశాం.’ అప్పుడు నాకది ముసలాయన బాధలాగే వినిపించింది. నేను మర్నాడు కాలేజీకి వెళ్లి మామూలుగా పాఠం చెప్పుకున్నాను. ఆ రోజు క్లాసులో ఉన్న అరవై మందికీ ఈ సంగతులు చెప్పి ఉండాల్సింది.

మీరు అభ్యంతరం లేదంటే, మీ అమ్మాయి స్కూలుకి వచ్చి ఆ తరగతికి ఈ పాఠం చెప్పడానికి నేను సిద్ధం. మీ అమ్మాయి పేరు ఎత్తను. పత్రిక ఆఫీసుకి ఒక్క ఫోన్ చేయండి.

ప్రశ్న: పాకిస్తాన్ పౌరుడికి మనం భారతరత్న ఎందుకు ఇచ్చాం? మనవాళ్లే కరువయ్యారా? (సీతమ్మధార నుంచి)

జవాబు: 1987లో ఇచ్చారు. భారత పౌరుడు కానివారికి ఆ బిరుదు ఇవ్వడం అదే మొదటిసారి. ఆయన జైలుకెళ్లింది మీ తాతగారూ మా నాన్నగారూ కోరుకున్న స్వాతంత్ర్యం కోసమే. గీత తర్వాత గీశారు. గీతకి అటు పడ్డారు కాబట్టి ఆయన చేసింది మనది కాకుండా పోదు. నన్నడిగితే నలభై ఏళ్లు ఆలస్యంగా ఇచ్చాం.

ప్రశ్న: ఆయన మళ్లీ ఇండియా వచ్చారా? ఇప్పుడు అక్కడివాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకున్నారా? (మధురవాడ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: వచ్చారమ్మా. 1969 అక్టోబర్‌లో గాంధీగారి శతజయంతికి. అప్పుడు నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్నాను. చంకలో బట్టల మూట పెట్టుకుని విమానం దిగిన ఆ ఆరడుగుల పైన పొడుగు ముసలాయన ఫొటో మా హాస్టల్ రీడింగ్ రూమ్‌లో పేపర్లో చూశాను. అంత పెద్ద నాయకుడికి అంత చిన్న మూటా అని మేము ఆశ్చర్యపోయాం. ఆయన వచ్చేసరికి అహమ్మదాబాద్‌లో ఘోరమైన మత కలహాలు జరిగి కొద్ది రోజులే అయింది. పండగ చేయడానికి పిలిస్తే ఆయన మూడు రోజులు నిరాహార దీక్ష చేశారు. అహమ్మదాబాద్ వెళ్లి కాలిపోయిన ఇళ్ల మధ్య తిరిగారు. మీరు బుద్ధుణ్ణి మరిచిపోయినట్టే గాంధీనీ మరిచిపోతున్నారని మన మొహం మీదే చెప్పారు. గౌరవించడానికి పిలిచిన అతిథి నోట ఆ మాట వినాల్సి వచ్చింది మనకి.

అక్కడి సంగతి. ఎన్నో ఏళ్లు ఆయన్ని దేశద్రోహి అన్నారు. 2010లో ఆ రాష్ట్రానికి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అని పేరు మార్చారు. మా పేరు మాకివ్వండని ఆయన అడిగిన అరవై ఏళ్ల తర్వాత. పెషావర్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. చార్సద్దాలో ఆయన పేరు మీద యూనివర్సిటీ ఉంది. 2016 జనవరి 20న, ఆయన వర్ధంతికి అక్కడ కవి సమ్మేళనం పెట్టుకున్న రోజునే, ఉగ్రవాదులు చొరబడి ఇరవై మందికి పైగా విద్యార్థుల్ని, సిబ్బందిని చంపేశారు. ఇరవై ఏళ్ల వయసులో బడి పెట్టినందుకు మొదలైన శత్రుత్వం, ఆయన పోయిన ఇరవై ఎనిమిదేళ్లకి కూడా ఆగలేదు. దాడి జరిగింది చదువుకునే పిల్లల మీదే.

ఆయన సమాధి మాత్రం పాకిస్తాన్‌లో లేదు. ఏళ్ల తరబడి ప్రవాసంలో బతికిన అఫ్గానిస్తాన్‌లో, జలాలాబాద్‌లోని తన ఇంటి ఆవరణలో పెట్టమన్నారు. అప్పుడక్కడ యుద్ధం నడుస్తోంది. అంత్యక్రియల కోసం రెండు పక్షాలూ కాల్పులు ఆపాయి. వేల మంది ఖైబర్ కనుమ దాటి సరిహద్దు అవతలికి ఆయన వెంట నడిచారు, వాహనాల్లో వెళ్లారు. ఆ జనం మధ్యలో కూడా బాంబులు పేలి కొందరు చనిపోయారు.

ప్రశ్న: పెందుర్తి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. వేసవి సెలవుల ముందు ఏప్రిల్ 23న మా పిల్లలతో ఆయన మీద ఏదైనా చేయించాలనుంది. ఉపన్యాసాల పోటీ పెట్టమంటారా?

జవాబు: ఉపన్యాసాలు వద్దు మాస్టారూ. నాలుగు వాక్యాలు బట్టీ పట్టి చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు, సాయంత్రానికి మరిచిపోతారు. ఆ ప్రమాణాన్ని తేలిక తెలుగులో పిల్లల చేతే రాయించండి. రెండు గంటల మాట చెప్పి, ఆ రెండు గంటల్లో మన బడికి ఏం చేద్దాం అని వాళ్లనే అడగండి. నీళ్ల ట్యాంకు కడగడమో, ప్రహరీ పక్కన చెత్త తీయడమో, ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించడమో, ఏదైనా వాళ్లే తేలుస్తారు. మీరు కూడా వాళ్లతో పాటు చెయ్యి వేయండి. తర్వాత చెట్టు కింద కూర్చోబెట్టి కిస్సా ఖ్వానీ బజార్ సంగతి, చంద్రసింగ్ తుపాకీ దించిన సంగతి చెప్పండి. గోడకి తగిలించే పాత అవిభక్త భారత పటం ఒకటి నా దగ్గర ఉంది. మహారాణిపేటలో మా ఇంటికి ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్లండి. పెషావర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి కదా. చొక్కాల రంగు కథ మాత్రం మానకండి. తోళ్ల తొట్టి అనగానే పిల్లలు ముక్కు మూసుకుంటారు, అయినా వాళ్లకి చివరి వరకూ గుర్తుండేది అదే.